ఎడ్ల గొట్టంతో పోసిన ఆముదం

భోపాలపట్నం, మాఘ శుద్ధ తదియ, 1944.

వడ్లు దంచడం అయింది. చింతపండు గింజ తీసి మూడు కుండలకెత్తాను. కుక్క పడుకునే గోనెపట్టాను రెండుసార్లు ఎండలో వేశాను.

పొరుగింటి ముత్తక్క కూతురి పురుటికి వెళుతూ ఆ కుక్కను నాకు అప్పగించింది. అది కడుపుబ్బి తిండి మానేస్తే, ఎడ్లకు పోసినట్టే తల పైకెత్తిపట్టి, వెదురు గొట్టంతో ఆముదం పోశాను. అప్పుడే దానికి పొలమారింది. నిన్నటి నుంచి దగ్గు, జ్వరం, డొక్కలెగరేస్తూ ఊపిరి.

ఈరోజు పశువుల డాక్టరు వచ్చాడు. "మంచు పట్టింది" అన్నారు మా ఆయన. డాక్టరు నా వైపు తిరిగి, "గొట్టంతో ఏమన్న పోసినవా అమ్మా?" అన్నాడు. పోశానన్నాను. నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా అయిందట. సల్ఫా బిళ్ళలిచ్చి అన్నం ముద్దలో పెట్టమన్నాడు. వెచ్చగా ఉంచాలి, ఒకే పక్కన పడుకోనివ్వకుండా తిప్పుతుండాలి, గొంతులో ఏదీ పోయకూడదు. బతుకుతుందా అంటే, "మూడు రోజులు చూడాలె" అన్నాడు.

సాయంత్రం ముత్తక్క వచ్చింది. మంచు అనే చెప్పమన్నారు మా ఆయన. అబద్ధానికి నాకు నోరు రాలేదు. జరిగింది చెప్పేశాను.

"ఏంది చెల్లె, ఎద్దనుకున్నవా దాన్ని?" అంది. చాలాసేపు దాని డొక్క మీద చెయ్యి వేసి కూర్చుంది. "నేనైనా అట్లనే పోస్తుంటి. ఈ రాత్రి నేను తిప్పుత. నువ్వు పండుకో పో" అని గోనెపట్టాతో సహా దాన్ని తన ఇంటికి ఎత్తుకుపోయింది.

పడుకోలేకపోతున్నాను. గోడ అవతల దగ్గు ఆగింది. తగ్గి ఆగిందా అని అడగడానికి ధైర్యం చాలడం లేదు.

ముత్తక్కకు చెప్పవలసిన నిజం బాకీ: చెల్లు.