సగంలో ఆగిన సిలువ గురుతు

మావా,

పోర్టులో డ్యూటీ మీదుండగా గుండెనొప్పొచ్చి నువ్వు పోయి ఏడాదయ్యింది. పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం లేదు, ఆకరి గడియలో ఫాదర్ గారు నూనె రాసే అభ్యంగనం లేదు. పానం పోగానే ఎవరి తీర్పు ఆళ్లకి అయిపోతాదని సిన్నప్పుడే నేర్పారు. పదేళ్లు గుడి మొహం సూడనోడివి, దేవుడి ముందు ఏటి సెప్పుకున్నావోనని ఒకటే బెంగ.

ఈరోజు మృతుల పండగ. నీ సమాధి కాడ కొవ్వొత్తులు ఎలిగిత్తంటే, నీతో పనిసేసిన సత్తిబాబు గారు పూలట్టుకొచ్చారు. నాను సిలువ గురుతు ఏసుకోడం సూసి ఆయన మొహం పాలిపోయింది.

"చెల్లెమ్మా, అంబులెన్సులో వాడూ ఇలాగే నుదుటి మీద, గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. భుజం వైపు తీసుకెళ్తుంటే, నొప్పనుకుని నేనే పట్టుకుని ఆపేశాను" అని ఏడిసీసారు.

నాను ఫాదర్ గారి కాడికి పరిగెత్తాను. "సగమే ఏసుకున్నాడు ఫాదర్, సరిపోద్దా?"

"దేవుడు మనసు చూస్తాడమ్మా. మోక్షానికి ముందు పాపాలు కడుక్కునే ఉత్తరించు స్థలంలో ఉన్నా మన ప్రార్థన అందుతుంది" అన్నారు.

రేపు గుళ్లో పూజ నీ పేరునే సెప్పమన్నాను. సత్తిబాబు గారూ వత్తానన్నారు. అయినా అది సిలువేనా, నొప్పేనా మావా? కడపటి తీర్పు రోజున అందరం లేచినప్పుడు, ముందు నాకు ఆ మాట సెప్పు.

నీ మేరీ