నీళ్ల సంగతి మినహాయించి క్షమాభిక్ష కోరుట

తేది: 6 మే 2025, మంగళవారం. గుట్టకిందపల్లి.

ఈ పూట అయిన పనులు: అత్తకు కాలి కట్టు మార్చడం, సంగటి కెలకడం, గిన్నెలు బూడిదతో తుడవడం. కానివి: బట్టలు, కల్లాపి. మా వీధి లైనుకు కొళాయి రాలేదు. అర్జీ ఎవరో రాసిస్తే సంతకం పెట్టినది కాదని తెలియడానికి ఇవి రాసినాను.

రాష్ట్ర గవర్నరు గారి సముఖమునకు, హోం శాఖ ద్వారా

అయ్యా,

విషయం: శిక్ష పడిన పోలీసు ఉద్యోగులు ఇద్దరికి రాజ్యాంగం 161వ అధికరణం కింద క్షమాభిక్ష ఇప్పించుట గురించి. ఇందులో ఒక అంశం మినహా.

1. నా పేరు ఇంద్రాణి. నా భర్త ఓబుళేసు మా ఊరి స్టేషనులో హెడ్ కానిస్టేబులుగా పనిచేసేవాడు. లింగన్న అనే రైతు స్టేషనులో దెబ్బలకు చనిపోయిన కేసులో నా భర్తకు, అప్పటి ఎస్.ఐ. దివాకర్ గారికి తలా ఏడేళ్ల శిక్ష పడినది. అందులో మూడేళ్లు ముగిసినవి.

2. ఇటువంటి అర్జీకి నమూనా ఒకటి ఉన్నదని, రిటైర్డు కానిస్టేబులు తిప్పయ్య తెచ్చి ఇచ్చినాడు. "దొంగసొత్తుతో పట్టుబడిన పాత నేరస్థుడు విచారణకు సహకరించక, తనకు తానే కిందపడి" అని అందులో ఉన్నది. నేను ఆ వాక్యాలు కొట్టివేసినాను. తిప్పయ్యకు కోపం వచ్చినది.

"ఏమమ్మా, మొగుడు ఇంటికి రావల్లనా వద్దా? ఉన్నది ఉన్నట్లు రాస్తే ఎవురన్నా ఇడుస్తారా?"

"వచ్చినాక ఆ మనిషికి సంగటి పెట్టాల్సింది నేను కదన్నా. అబద్ధం రాసి తెచ్చుకుంటే రోజూ దాని ముఖమే చూడాల."

"నీతో మాట్లాడేదాని కంటే బండరాయితో మాట్లాడేది మేలు," అని, నమూనా మాత్రం మడిచి జేబులో పెట్టుకొని పోయినాడు. కావున నమూనా ప్రకారం రాయలేకపోయినందుకు మన్నించవలెను.

3. దొంగసొత్తు అనగా మోటారు కేబులు. ఆ ఎండాకాలం మా చుట్టుపట్ల పొలాల్లో కేబుళ్లు కోసుకుపోయి, కాల్చి రాగి అమ్ముతుండిరి. పైనుంచి ఒత్తిడి ఉండెను. లింగన్న పొద్దుగూకేటప్పుడు కేబులు చుట్ట భుజాన వేసుకొని వస్తుంటే పట్టుకున్నారు. ఆ కేబులు అతనిదే. బోరు ఎండిపోతే కేబులు ఊడదీసి ఇంటికి తెచ్చుకోవడం, మంచం కింద దాచుకోవడం ఈ ప్రాంతంలో ప్రతి రైతు చేసే పని. దొంగల భయానికే చేస్తారు. దివాకర్ గారిది కృష్ణా జిల్లా, కాలువ కింది ఊరు, ఆయనకు తెలియకపోవచ్చు. నా భర్తకు తెలుసు. మా మామగారు బతికి ఉండగా మా మంచం కింద కూడా కేబులు ఉండెను.

4. కొట్టడం గురించి. కొట్టమన్నది దివాకర్ గారు. కొట్టినది ఇద్దరూ. పై అధికారి మాట కాదనడం నా భర్తకు ఇరవై రెండేళ్ల సర్వీసులో ఎవరూ నేర్పలేదు, తానుగా నేర్చుకోలేదు. దివాకర్ గారికి అది మొదటి పోస్టింగు. మూడు రోజుల్లో దొంగను చూపించకపోతే నీ సంగతి చూస్తానని ఆయనకు కూడా పైనుంచి ఒకరు చెప్పి ఉండిరి. ఆ ఒకరికి శిక్ష పడలేదు. ఇది తప్పు కాదని నేను రాయను. ఈ తప్పుకు మాత్రం దయ అడుగుతున్నాను, ఇద్దరికీ. మా అత్త రోజూ సాయంత్రం కొడుకు డ్యూటీ నుంచి వచ్చినాడా అని అడుగుతుంది. ఇంకా రాలేదని చెబుతున్నాను. అది అబద్ధం కాదు.

5. మినహాయించవలసిన అంశం. సెంట్రీ కానిస్టేబులు సాక్ష్యం ప్రకారం లింగన్న మూడుసార్లు నీళ్లు అడిగినాడు. నా భర్త చేతికి అందేంత దూరంలో కుండ ఉండెను. ఇయ్యవద్దని ఎవరూ చెప్పలేదు. దివాకర్ గారు అప్పటికి భోజనానికి పోయి ఉండిరి. తీర్పు కాపీ చదివినాక జైలు ములాఖత్‌లో నా భర్తను అడిగినాను.

"నీళ్లు ఎందుకు ఇయ్యలేదు?"

"గ్లాసు కనపల్లేదు," అన్నాడు.

ఆ కుండ స్టేషనుకు నేను కొనిచ్చినది. గ్లాసు దాని మూత మీదనే బోర్లించి ఉంటుంది. ఆ మాట చెప్పినాను.

నీళ్లు ఇయ్యనందుకు ఎంత శిక్షో చట్టంలో విడిగా లేదని వకీలు చెప్పినాడు. మా ప్రాంతంలో పగవాడు వాకిట్లోకి వచ్చినా ముందు చెంబు ఇచ్చి, ఆ తర్వాత తిడతారు. కావున ఈ ఎండాకాలం ముగిసే వరకు నా భర్తను లోపలే ఉంచి, వానలు పడినాక విడుదల చేయవలెనని కోరుచున్నాను. దివాకర్ గారు అప్పుడు అక్కడ లేరు కాబట్టి ఆయనను ముందే విడిచిపెట్టవచ్చును. వానలు పడకపోతే ఏమి చేయవలెనో తమరే ఆలోచించవలెను.

6. చనిపోయినవారి కుటుంబం అభిప్రాయం జతచేస్తే మంచిదని వకీలు చెప్పినందున, ఈ పొద్దున లింగన్న భార్య హనుమక్క ఇంటికి పోయినాను. ఆమె చింతపండు కొడుతూ ఉండెను.

"ఏమక్కా, ఇంత దూరం వచ్చినావు?"

విషయం చెప్పినాను.

"వేలిముద్ర వేస్తే నా మొగుడు లేసొస్తాడా?"

"రాడు."

"వెయ్యకపోతే?"

"రాడు."

"మరి నన్ను యాల అడుగుతావు? నీ మొగుణ్ని నువ్వు పిలిపించుకో. నాతో మాత్రం మంచిదని అనిపియ్యాకు."

కావున వేలిముద్ర జతచేయలేదు. ఆ తర్వాత ఆమె నా చంకలోని బిందె చూసింది.

"అది ఖాళీనా?"

"మా లైనుకు రాలేదు. యాడన్నా ట్యాంకరు కనిపిస్తే పట్టుకుందామని."

"తే ఈడికి," అని లేచి, తొట్టిలోని నీళ్లు ముంచి నా బిందె నిండా పోసింది. ఆ నీళ్లతోనే మా అత్త మాత్రలు వేసుకున్నది. నేను నీళ్లు అడగలేదని ఇక్కడ నమోదు చేస్తున్నాను.

పై సంగతులన్నీ తీరిక చేసుకొని చిత్తగించవలెను. తీర్పు కాపీ జతచేయడమైనది. నమూనా జతచేయలేదు.

తమ విధేయురాలు,
ఇంద్రాణి

మనవి: కవరు అంటించే లోపల కొళాయి వచ్చినది. మొదటి బిందె హనుమక్క ఇంటికి మోసుకుపోయినాను. ఆమె ఇంకా చింతపండు దగ్గరే ఉండెను.

"ఇంత తొందరేమి? నా తొట్టిలో ఉండాయి కదా."

"బదులు తీసుకున్నాను కదా."

"సరే, తొట్టిలో పొయ్యి."

పోసినాను. వాకిలి దాటుతుంటే వెనకనుంచి అడిగింది.

"మీ ఆయనకు ఆడ నీళ్లు ఇస్తాండారా?"

"ఇస్తాండారు."

"అట్లనా," అని మళ్లీ పని చూసుకున్నది.

దీనిని కుటుంబం అభిప్రాయంగా తీసుకోవచ్చునో లేదో నాకు తెలియదు. ఆమె అన్నది అన్నట్లు రాసినాను.

హనుమక్క దగ్గర బదులు తెచ్చిన బిందె నీళ్లు ఒకటి: చెల్లు.