మా అమ్మాయి తమ ఎదుట నన్ను బాబాయ్ అన్న సంగతి

విదేశీయుల నివాస అనుమతుల కార్యాలయం, మూడో అంతస్తు, చివరి గది అధికారి గారి సముఖమునకు, లాండ్రీలో ఇస్త్రీ పని చేసుకొనువాడు వ్రాసుకొను మనవి.

అయ్యా,

విషయం: తండ్రినైన నాకు నివాస అనుమతి కోరుతూ నా కుమార్తె పెట్టుకున్న దరఖాస్తును, నేను తండ్రిని కానన్న కారణముపై తిరస్కరించుట గురించి, నేను తండ్రినే అగుట గురించి.

1. నేనూ నా భార్యా సందర్శకుల వీసా మీద వచ్చి, గడువు తీరినా వెళ్లక ఉండిపోయిన మాట వాస్తవము. కాదనుటకు ఈ అర్జీ వ్రాయుట లేదు. గడువు తీరేనాటికి ఆమెకు నెలలు నిండినవి. లేక లేక కలిగిన కాన్పు. పురుడు కాగానే పోదామనుకున్నాము. తరువాత పిల్ల మెడ నిలిపాక అనుకున్నాము, పళ్లు వచ్చాక అనుకున్నాము, బడిలో వేశాక అనుకున్నాము. అనుకోవడంలోనే పిల్లకు ఇరవై రెండేళ్లు వచ్చాయి. ఇక్కడ పుట్టింది గనుక ఆమె ఈ దేశపు పౌరురాలు. నేను ఎవరినో తేల్చవలసినది తాము.

2. అప్పటి నుంచీ ఒకే లాండ్రీలో ఉన్నాను. ఒకప్పుడు తమ శాఖ వారి యూనిఫారాలు మా దగ్గరకే వచ్చేవి. నేను వణికిపోతుంటే మా యజమాని, "పిచ్చోడా, దొంగ కోసం ఊరంతా వెతుకుతారు గానీ సొంత బీరువా తెరిచి చూసుకుంటారా? ఆ కోట్ల వెనకే నిలబడు" అనేవాడు. అలా, జనం కాలర్లు పట్టుకునే వారి కాలర్లను ఏళ్ల తరబడి నేను పట్టుకున్నాను. ఈ పేరా విషయమునకు సంబంధించినది కాదు. కొట్టివేస్తే కాగితం పాడవుతుందని ఉంచాను.

3. బాబాయ్ అన్న మాట ఎలా వచ్చినదనగా: పిల్లకు నాలుగో ఏడు నడుస్తుండగా ఒకనాడు యూనిఫారం మనిషి తలుపు కొట్టాడు. పిల్ల, "నాన్నా, నీ కోసం పోలీసొచ్చాడు" అని ఇల్లెగిరేలా కేకపెట్టింది. వచ్చినవాడు కరెంటు మీటరు చూసేవాడు. వాడు మీటరు చూసుకుని పోయాడు గాని, నా భార్యకు మాత్రం రెండు రోజులు అన్నం దిగలేదు. మూడో రోజు పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

"బయట ఎవరడిగినా బాబాయ్ అనాలమ్మా. నాన్న ఊళ్లో లేడని చెప్పాలి."

"మరి ఇంట్లో?"

"తలుపేశాక నాన్నే."

ఆ పిల్ల బడి నుంచి రాగానే తలుపు వేసి, ముక్కాలిపీట ఎక్కి గడియ పెట్టి, అప్పుడు నా దగ్గరకు వచ్చి నాన్నా అనేది. బడిలో టీచరమ్మ, "సొంత తండ్రయినా ఇంత శ్రద్ధగా రాడండీ, మీలాంటి బాబాయ్ ఉండటం దాని అదృష్టం" అంటే నమస్కారం పెట్టి ఆ మెప్పు పుచ్చుకున్నాను. పుట్టుక పత్రంలో తండ్రి గడి ఖాళీగా ఉన్నదని తాము ఆక్షేపించారు. దానిని ఖాళీగా ఉంచమన్నది కూడా నా భార్యే. నేను పట్టుబడినా పిల్ల కాగితం శుభ్రంగా ఉండాలని ఆమె పట్టుదల.

4. ఆమె మూడేళ్ల క్రితం ఆసుపత్రిలో పోయింది. "మీరేమవుతారు?" అని నర్సు అడిగింది. మరిదినన్నాను. దగ్గరి బంధువులెవరూ లేరా అంది. లేరన్నాను.

5. విచారణ నాడు జరిగినది తమకు తెలిసినదే అయినా, తాము తల ఎత్తలేదు గనుక చూసినది వ్రాయుచున్నాను. మందుల దుకాణంలో పది మందికి మందులు విడమరిచి చెప్పే పిల్ల, వారం రోజులుగా జవాబులన్నీ వల్లించుకుని వచ్చింది. గుమ్మంలో యూనిఫారం మనిషి నిలబడ్డాడు. "ఈయన నీకేమవుతాడు?" అని తాము అడిగారు.

"బాబాయండీ" అన్నది.

అన్నాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తాము వ్రాసుకున్నారు.

"కాదండీ, నాన్న."

"ఇప్పుడే బాబాయన్నావు కదమ్మా. ఏది నిజం?"

"రెండూనండీ" అన్నాను నేను. నేను నోరు మూసుకుని ఉంటే బాగుండేది.

6. రక్తపరీక్ష కాగితం తెస్తే ఆలోచిస్తామన్నారు. తాము చెప్పిన ల్యాబుకే వెళ్లాను. అక్కడి అమ్మాయి గుర్తింపు కార్డు అడిగింది.

"రక్తానికి కార్డెందుకమ్మా?"

"అది మీ రక్తమేనని ఏంటి నమ్మకం, తాతా?"

"నా చేతిలోంచే తీస్తావు కదా."

"ఆ చెయ్యి మీదేనని కాగితం ఉండాలి."

నా పాస్‌పోర్టు ఏనాడో చచ్చింది. దానిని బ్రతికించుటకు మా దేశ రాయబార కార్యాలయం వారు ఇక్కడి నివాస అనుమతి తెమ్మన్నారు. నివాస అనుమతి ఇవ్వవలసిన తాము రక్తపరీక్ష తెమ్మన్నారు. గానుగెద్దుకైనా పొద్దు గూకితే కాడి దించుతారు.

7. నెలాఖరులోగా దేశం విడిచిపోవలెననీ, పదేళ్ల దాకా తిరిగి రాకూడదనీ తాఖీదు అందినది. నాకు అరవై ఏడు నిండినవి. మిగిలిన లెక్క తాము వేసుకోగలరు, నాకు చేతకావడం లేదు.

కావున తమను వేడుకొనుచున్నది ఒక్కటే. మా అమ్మాయిని మరొక్కసారి పిలిపించి అదే ప్రశ్న వేయండి. గుమ్మంలో మనిషిని కాసేపు టీకి పంపండి. వీలైతే తలుపు వేయండి. ఈ నాలుగు ముక్కలూ తీరిక చేసుకుని చిత్తగించి, కోపగించక, ఏదో ఒకటి సెలవియ్యవలెను.

ఇట్లు,
తమ విధేయుడు
(సంతకం పాస్‌పోర్టులో ఉన్నట్టే చేశాను. గడువు తీరినది దానికే, సంతకానికి కాదు.)

తా.క.: వ్రాయకూడదనే అనుకున్నాను. ఆనాడు తమ గది నుంచి దిగి బస్సు స్టాపులో నిలబడ్డాము. పిల్ల ఏడ్చి ఏడ్చి, ఆ క్యూలో అందరి మధ్యా, "నన్ను క్షమించు నాన్నా" అన్నది. వీధిలో ఆ మాట వినడం అదే మొదలు. నేనేమో చుట్టూ చూసి, "మెల్లగా, ఎవరైనా వింటారు" అన్నాను. ఆమె ఏడుపు ఆపేసి నా వైపు చూసింది. అంతలో బస్సు వచ్చింది. కండక్టరు మమ్మల్నిద్దరినీ ఎగాదిగా చూసి, "కలిసేనా, వేరువేరా?" అని అడిగాడు.