వాల్వు మాత్ర

తిరుత్తణి, ఆడి నెల శుక్రవారం రాత్రి

పొద్దున బావా నేనూ తిరువళ్లూరు ఆస్పత్రికి పోయినాం. నాకు రెండో నెలని డాక్టరమ్మ చెప్పగానే బావ నా చెయ్యి పట్టుకున్నాడు. ఆమె తర్వాతి మాటకు వదిలేసినాడు.

నా గుండెలో ఉండేది లోహపు వాల్వు. దానిమీద రక్తం గడ్డకట్టకుండా నేను రోజూ వేసుకునే మాత్ర విటమిన్ కె పనిని అడ్డుకుంటుందంట.

"రక్తం గడ్డకట్టించే ప్రోటీన్లకే కాదమ్మా, బిడ్డ ఎముకలు, ముక్కు సరిగ్గా తయారయ్యేదానికి పనిచేసే ప్రోటీన్లకు కూడా ఆ విటమినే కావాల," అనింది.

మాత్ర మానేసి సూదులు వేసుకోవచ్చంట, కానీ వాల్వుకు అంత భరోసా లేదంట, గడ్డకడితే నా ప్రాణానికే ముప్పంట. సోమవారానికి తేల్చుకుని రమ్మనింది. అంతదాకా మాత్ర ఆపొద్దనింది.

రైల్లో బావ, "నాకు నువ్వుంటే చాలు," అన్నాడు.

"మరి బిడ్డ?" అని అడిగినా. కిటికీ పక్కకు తిరుక్కున్నాడు.

అన్నం తిన్నాక మాత్ర చేతిలో పెట్టుకుని చానాసేపు కూర్చున్నా. బావ చూస్తానే ఉన్నాడు.

మింగేసినా. అప్పటినుంచి పొట్టమీద చెయ్యి పెట్టుకునేదానికి ధైర్యం చాలడం లేదు.