ఫ్లాప్ సినిమా గోడలు

ఫిల్మ్ నగర్,
ఆదివారం మధ్యాహ్నం

నా శకుంతలకి,

ఫోన్ చేస్తే నీకు సగం వినపడదు, వినపడిన సగానికి ఇంకేదో జవాబు చెబుతావు. అందుకే ఈ ఉత్తరం. మీ కోడలి చేత చదివించుకోకు. కళ్లజోడు పెట్టుకుని నువ్వే చదువు, ఇందులో ఇంకెవరికీ తెలియకూడని మాట ఒకటుంది.

ముందు మా కోడలి సంగతి. మా ఆయన పోయాక సినిమా సెట్లు వేసే మా వ్యాపారం స్ఫూర్తి చేతికి వచ్చింది కదా. మా అబ్బాయి సాయిశ్రీనివాస్‌కి ఎడిటింగ్ గది తప్ప వేరే లోకం లేదు. ఆయన ఉన్న రోజుల్లో పద్ధతి ఏమిటంటే, షూటింగ్ మొదటిరోజు కొబ్బరికాయ, ఆఖరిరోజు గుమ్మడికాయ. గుమ్మడికాయ కొట్టిన మర్నాడే సెట్టు పగలగొట్టేసేవారు. రాజుగారి కోటైనా సరే, థర్మాకోల్, ప్లాస్టర్, ప్లైవుడ్ అన్నీ లారీలకెత్తి ఊరవతల పారబోసి నిప్పు పెట్టడమే.

ఈ పిల్ల వచ్చి, “గింత మంచి చెక్కను కాలవెడ్తరా అత్తమ్మా? చెట్టు పెరగనీకి ఎన్నేండ్లు వట్టిందో!” అంది. ముందు థర్మాకోల్ మాన్పించింది. దాని బదులు పాత పేపర్ల గుజ్జుతో గుడి స్తంభాలు చేయించింది. సరిగ్గా షూటింగ్ వేళకి వాన. స్తంభాలు మెత్తబడి, భోజనమయ్యాక నడుం వాల్చే ముసలాళ్లలా ఒకదానిమీద ఒకటి ఒరిగిపోయాయి. హీరోయిన్ నవ్వీ నవ్వీ మేకప్ పాడుచేసుకుంది. ఇక దీనికి బుద్ధొస్తుందిలే అనుకున్నాను. ఎక్కడ! బంక మార్చింది, పైన లక్క పూత వేయించింది, మళ్లీ నిలబెట్టింది. తర్వాత మేకులు మాన్పించి స్క్రూలు పెట్టించింది, విప్పినప్పుడు పలక విరక్కుండా వస్తుందని. గొణిగిన వడ్రంగులే ఇప్పుడు మేకు కనపడితే చిరాకు పడుతున్నారు. ఆ పైన ఎర్రగడ్డ గోడౌన్ కప్పు మీద సోలార్. నిజం చెప్పనా, దాన్ని చూస్తే నాకు గర్వంగా ఉంటుంది. దాని ముందు అననులే.

సెట్టుకి వేసే ప్రతి గోడ వెనకా, అది నిలబడిన సినిమాల పేర్లు రంగుతో రాయిస్తుంది. ఎన్నిసార్లు వాడామో తెలిస్తేనే ఎప్పుడు మార్చాలో తెలుస్తుందట. కొంప ముంచింది ఆ పేర్లే. రఘునందన్ గారని పెద్ద నిర్మాత. జూబ్లీ హిల్స్‌లో ఆయన ఇంటి గేటే మా సెట్టంత ఉంటుంది. కొత్త సినిమాకి దేవుడిగది సెట్టు మాకిచ్చాడు, ఇది బాగుంటే పై సినిమాలు కూడా మాకే అన్నాడు. ముహూర్తం ముందురోజు చూడ్డానికొచ్చి, ఊరుకోక గోడ వెనక్కి వెళ్లాడు. కిందటి వేసవిలో వారం తిరక్కుండా థియేటర్లలోంచి ఎత్తేసిన సినిమా పేరు అక్కడ ఉంది. “ఫ్లాప్ సినిమా గోడల మధ్య నా సినిమాకి ముహూర్తమా?” అని ఆయనకి చెమటలు పట్టేశాయి. పక్కనున్న మేనేజరు, “పేర్లు గీకేయండమ్మా, కొత్త చెక్కేనని చెప్పుకుందాం” అన్నాడు. మా పిల్ల ఏమందో తెలుసా? “అబద్ధం చెప్పి అంటగట్ట సార్. వద్దంటే వద్దనుండ్రి.” ఆయన వద్దనేశాడు.

దాని మీద నాకు గౌరవం తగ్గలేదే, ఇలా బేరాలు పోతుంటే ఇల్లెలా గడుస్తుందా అని భయం పెరిగింది. గోడౌన్ నా పేరు మీద ఉంది. ఫంక్షన్ హాలు పెడతామన్నవాళ్లకి కిరాయికిస్తానని బ్రోకర్‌కి మాటిచ్చేశాను. శుక్రవారం సంతకం. గోడౌన్ పోతే ఆ గోడలు దాచే చోటుండదు, స్ఫూర్తి ఇన్నాళ్లు పడ్డ పాటు మళ్లీ మంటల్లోకే పోతుంది. అది తెలిసే చేస్తున్నాను. దానికింకా చెప్పలేదు.

ఇంకో మాట. రఘునందన్ గారిని నేను తప్పు పట్టలేను. మా ఆయనున్నప్పుడు మా ప్రతి సెట్టులో మొదటి కొబ్బరికాయ మా ఇద్దరి చేతా కొట్టించేవారు. ఆయన పోయాక ఒక్క ముహూర్తానికీ నాకు పిలుపు లేదు. రావద్దని ఎవరూ అనలేదు, పిలవలేదంతే. నేనూ ఆ సెంటిమెంట్ల మధ్య బతికినదాన్నే కదా, అర్థం చేసుకుని పక్కకి తప్పుకున్నాను. కానీ ఎక్కడైనా కొబ్బరికాయ పగిలిన చప్పుడు వినపడితే ఇప్పటికీ చేస్తున్న పని ఆపి అటే చూస్తాను శకుంతలా.

నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు, కానీ జవాబు రాయి.

నీ
శేషారత్నం


ఫిల్మ్ నగర్,
శనివారం పొద్దున్న

శకుంతలా,

నీ తిట్లు అందేలోపే కథ అడ్డం తిరిగింది.

నిన్న పొద్దున్నే స్ఫూర్తి, “అత్తమ్మా, జర నాతోని గోడౌన్‌కు రాండ్రి” అంది. బ్రోకర్ సంగతి తెలిసిపోయిందేమోనని దారంతా దాని మొహమే చూస్తూ కూర్చున్నాను. తీరా వెళ్తే, రఘునందన్ గారు కాదన్న గోడలే నీలం రంగు వేసుకుని గోడౌన్‌లో ఇల్లులా నిలబడి ఉన్నాయి. పూజిత అని డైరెక్టరమ్మాయి నమస్కారం పెట్టింది. ఆడకుండా పోయిన ఆ సినిమా తీసింది ఈ అమ్మాయేనట! ఇప్పుడు వెబ్ సిరీస్ తీస్తోంది, ఏడాది పొడుగునా షూటింగ్. ఆ గోడలే కావాలని అడిగి మరీ తీసుకుందట. “సినిమా సరిగ్గా తీయనిది నేనండీ. గోడలేం చేశాయి పాపం?” అని నవ్వింది.

పూజ అయింది. మా వడ్రంగి భిక్షం రాయి తెచ్చిపెట్టాడు. స్ఫూర్తి కొబ్బరికాయ పట్టుకొచ్చి నా చేతిలో పెట్టబోయింది. నేను చేయి వెనక్కి లాక్కున్నాను.

“నేనేంటమ్మా? పూజిత చేత కొట్టించు. నేను...” అంటూ గుమ్మం వైపు జరిగాను.

స్ఫూర్తి అందరూ వినేలాగే అంది, “ఫ్లాప్ అయిందని చెక్కనే పారెయ్యనిస్తలేను. మిమ్మల్ని పక్కకు వెడ్తనా అత్తమ్మా?”

కొట్టాను. ఏడుస్తూ కొట్టాను, సిగ్గుపడలేదు. కాయ వంకరగా పగిలి నీళ్లన్నీ నీలం గోడ మీద పడ్డాయి. “అయ్యో, పెయింటింక ఆరలే!” అని నా కోడలు నన్నే కసిరింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అప్పుడే బ్రోకర్ ఫోన్. “ఇక్కడ షూటింగ్ జరుగుతోంది బాబూ, గోడౌన్ ఖాళీ లేదు” అని పెట్టేశాను.

ఇంటికొచ్చాక మనసు ఆగలేదు. టీ తాగుతూ దానికి అంతా చెప్పేశాను. కప్పు కింద పెట్టి, “నాకెర్కే అత్తమ్మా” అంది. “కొలతలు కావాలని ఆ బ్రోకర్ సోమవారమే నాకు ఫోన్ చేసిండు.”

నేనూ కప్పు కింద పెట్టేశాను. “తెలిసి కూడా ఆ కొబ్బరికాయ నా చేతికిచ్చావా?”

“గోడౌన్ మీది, మీ ఇష్టం. కొబ్బరికాయ వేరే ముచ్చట” అని, కప్పులు రెండూ తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

పెద్ద నిర్మాత మళ్లీ రాలేదు, వస్తాడన్న ఆశ కూడా లేదు. రాకపోతే పోనీ. వచ్చే నెల ఇంకో సెట్టుకి ముహూర్తముందట. ఏ చీర కట్టుకోవాలా అని పొద్దున్నించీ బీరువా తలుపు తీసుకుని కూర్చున్నాను.

నీ
శేషారత్నం