మిషను కాళ్ళు

శనివారం

ఇవాళ యూనివర్సిటీలో వ్యాపారులతో మీటింగు. నేను తయారుచేసిన జీడిపిక్కలు కొట్టే మిషను చూసి హైదరాబాద్ నుంచి వచ్చిన ఎక్స్‌పర్టు శెభాష్ అన్నారు. పలాస షావుకారు మాత్రం, తన జీడి బట్టీలో చేత్తో పిక్కలు కొట్టే నారాయణమ్మని వెంట తెచ్చారు. "నువ్వు సూసి సెప్పమ్మా" అన్నారు.

ఆవిడ వచ్చి మిషను ముందు నేల మీద కూకుంది. మిషను పిడి ఆవిడ తల కంటే ఎత్తులో ఉంది, చెయ్యి అందలేదు.

"ఏటి పాపా, మేం నిలబడి కొడతామనుకున్నావా?" అంది. హాలంతా నవ్వు.

మా అమ్మ కూడా పదేళ్ళు నేల మీద కూకునే పిక్కలు కొట్టింది. ఆ పక్కనే కూర్చుని నేను హోంవర్కు చేసుకున్నాను. ఎలా మర్చిపోయాను?

రేపే మిషను కాళ్ళు కోసేస్తాను. ఎత్తు తగ్గాక కింద గేరు తిరగడానికి చోటు చాలకపోతే, గేరే మారుస్తాను. ముందు అమ్మని నేల మీద కూకోబెట్టి కొలత తీసుకోవాలి.