దొరగారి పెట్టెలో గళ్ళ చొక్కా

అమ్మా,

బట్టలు నానబెట్టాను, పని నుంచి రాగానే జాడించు చాలు. నాన్న ఒంటిమీదున్న గళ్ళ చొక్కా మాత్రం విప్పినా ఉతకొద్దు.

సాయంత్రం విమానం కంపెనీ మనిషి వస్తాడు. మన కుక్క దొరగారు ప్రయాణపు పెట్టెలో గొడవ చెయ్యకుండా పడుకుంటేనే మనం వెళ్తున్న దేశానికి మనతో రానిస్తారు. లేదంటే దొరగారిని ఇక్కడే ఎవరికో అప్పగించి మనం విమానం ఎక్కాలి. నాన్నేమో రోజూ తానే పెట్టెలోకి తలా భుజాలూ దూర్చి, "ఇలా రావాలిరా వెధవా" అని నేర్పారు. ఇప్పుడు ఆయన ముందు దూరితే తప్ప దొరగారు అడుగు పెట్టరు. దేశం దాటేదాకా నాన్నను పెట్టెలో కూర్చోబెట్టలేం కదా!

అందుకే ఆయన వాసన ఉన్న ఆ చొక్కా అడిగాను. "కుక్క పక్కకి నా చొక్కానా? మతిపోయిందా నీకు?" అని ఇల్లెగిరిపోయేలా అరిచారు. నువ్వే ఎలాగోలా ఇప్పించు. నేను పెట్టెకు తగిలించే నీళ్ళగిన్నె కొనడానికి బజారుకెళ్తున్నాను.

తా.క. చొక్కా సంగతి వదిలెయ్. పెట్టెలోంచి గురక వినిపిస్తే తొంగిచూశాను. దొరగారు గళ్ళ చొక్కా మీద హాయిగా నిద్రపోతున్నారు. నాన్న తిరిగొచ్చాక నవ్వకు. ఇప్పుడే బనీనుతోనే చెప్పులేసుకుని, నా వైపు చూడకుండా గుమ్మం దాటారు.